ఒక్కో రసీదుకు ఎంత?

దాచేపల్లి 2020లో నగర పంచాయతీ అయింది. దాంతో అక్కడి ఇళ్ల యజమానులకు కొత్తగా ఒక తేదీ పరిచయమైంది: ఏప్రిల్ 30. ఆలోగా ఏడాది ఇంటిపన్ను మొత్తం ఒకేసారి కట్టేస్తే ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 5 శాతం తగ్గింపు వస్తుంది. గడువంటే మనవాళ్లకు చివరి రోజే. నాగులేటి ఒడ్డున ఉన్న ఈ ఊళ్లోనూ, నరసరావుపేటలోనూ, తెనాలిలోనూ, అటు శ్రీకాకుళంలోనూ జనం ఇంచుమించు ఒకే వేళకు ఫోన్లు తీసి ‘చెల్లించు’ అన్న చోట నొక్కుతారు. ఆ నొక్కుళ్లన్నీ ఎక్కడో కొన్ని సర్వర్ల మీద పడతాయి. ఆ సర్వర్లు ఎంత పెద్దవి కావాలి, వాటికి ఎంత ఖర్చవుతుంది, సాఫ్ట్‌వేర్ ఊరికే వస్తే ఆ ఖర్చులో ఎంత మిగులుతుంది అన్నదే ఈ అధ్యాయంలో విషయం.

ముందు ఆ సాఫ్ట్‌వేర్ సంగతి. ఇంటిపన్ను, నీటిపన్ను, జమాఖర్చులు, ఫిర్యాదులు, ఇలా ఒక సంస్థ పనులన్నిటినీ ఒకే చోట నడిపే సాఫ్ట్‌వేర్‌ను ఈఆర్‌పీ అంటారు. నందన్ నీలేకని, శ్రీకాంత్ నాదముని 2003లో బెంగళూరులో మొదలుపెట్టిన ఈగవర్నమెంట్స్ ఫౌండేషన్ పురపాలక సంఘాల కోసం అలాంటిది ఒకటి తయారుచేసింది. 2015-16 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్ పురపాలక శాఖ దాన్ని 110 పట్టణాల్లో ప్రవేశపెట్టింది. ‘పురసేవ’ యాప్ ద్వారా జనానికి తెలిసింది దీని ముఖమే. దీని సోర్సు కోడ్ గిట్‌హబ్‌లో జీపీఎల్ లైసెన్సు కింద అందరికీ అందుబాటులో ఉంది. అది జావాలో రాసిన ప్రోగ్రాము. వైల్డ్‌ఫ్లై అనే అప్లికేషన్ సర్వర్ మీద నడుస్తుంది, లెక్కలు పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో దాస్తుంది, వెతుకులాటకు ఎలాస్టిక్‌సెర్చ్‌ను, తాత్కాలిక జ్ఞాపకానికి రెడిస్‌ను వాడుకుంటుంది. ఒక్కో పట్టణానికి డేటాబేసులో విడిగా ఒక అర ఉంటుంది, ప్రోగ్రాము మాత్రం అందరికీ ఒకటే. కొత్త పట్టణం వస్తే కొత్త సర్వర్ కొననక్కర్లేదు, ఒక అర చేరిస్తే చాలు. దాచేపల్లి అంతటి పట్టణాలకు ఈ ఏర్పాటు బాగా కలిసొస్తుంది. తనంతట తాను ఒక డేటాబేసు, ఒక నిపుణుడు, ఒక ఏసీ గది పెట్టుకునే స్తోమత అలాంటి ఊళ్లకు ఎక్కడిది!

ఇక లెక్కలోకి దిగుదాం. లెక్క కోసం మాత్రమే కొన్ని అంకెలు అనుకుందాం, ఇవి ఏ కార్యాలయం రికార్డులూ కావు. రాష్ట్రం మొత్తం మీద పన్ను కట్టాల్సిన ఇళ్లు 30 లక్షలు. అందులో పదో వంతు, అంటే 3 లక్షల మంది, చివరి రోజునే కట్టారనుకుందాం. రోజుకు ఎనిమిది పనిగంటలంటే 28,800 సెకన్లు. భాగిస్తే సెకనుకు పది చెల్లింపుల పైచిలుకు. సాయంత్రం తోపులాటలో అది అయిదింతలైందనుకున్నా సెకనుకు 50. ఒక్కో చెల్లింపుకు డేటాబేసును యాభై సార్లు ప్రశ్నించినా సెకనుకు 2,500 ప్రశ్నలు. 2012లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 9.2 విడుదలప్పుడే, 64 కోర్ల యంత్రం మీద సెకనుకు మూడున్నర లక్షల చదువులు, 14,000 రాతలు సాధించామని దాన్ని తయారుచేసినవాళ్లు ప్రకటించారు. అవి అనుకూలమైన పరిస్థితుల్లో తీసిన అంకెలు, నిజమే. అందులో పదో వంతు చాలు మనకు.

అంటే రాష్ట్రమంతటి పట్టణాల ఇంటిపన్ను చివరి రోజు భారం మధ్యరకం డేటాబేసు సర్వర్ ఒక్కటి మోయగలదు. ఇది విన్నవాళ్లు నమ్మరు. ‘మరి వెబ్‌సైటు ఎందుకు ఆగిపోతుంది?’ అంటారు. యంత్రం చాలక ఆగిన సందర్భాలు తక్కువేనని నా అంచనా. సరిగా రాయని ఒక ప్రశ్న, పెట్టాల్సిన చోట పెట్టని ఒక ఇండెక్సు, సరిపడా తెరవని కనెక్షన్లు, ఇవే ఎక్కువగా ఆపుతాయి. పోస్ట్‌గ్రెస్ డేటా కోసం తనకంటూ పక్కన పెట్టుకునే మెమొరీకి ఫ్యాక్టరీ అమరిక 128 మెగాబైట్లు; సర్వర్‌లో 256 గిగాబైట్లు ఉన్నా ఎవరూ మార్చకపోతే అంతే పెట్టుకుంటుంది. మొత్తం మెమొరీలో పాతిక శాతం ఇవ్వండని దాని మాన్యువలే చెబుతుంది. ఒక్క లైను మార్చే పని అది, కానీ మార్చాలని తెలిసినవాడు ఉండాలి.

పనితనాన్ని, ధరను ఒకే కొలబద్ద మీద ఎలా కొలవాలన్న ప్రశ్నకు నలభై ఏళ్ల చరిత్ర ఉంది. దాచేపల్లి మిరప రైతు ఎకరాకు ఎంత పెట్టాడన్నది సగం మాటే, క్వింటాలుకు ఎంత పడిందన్నదే అతనికి అసలు లెక్క. కంప్యూటర్ల విషయంలో ఆ రెండో లెక్క వేయాలని పట్టుబట్టినవాడు డేటాబేసు నిపుణుడు జిమ్ గ్రే. 1985 ఏప్రిల్ 1న ‘డేటామేషన్’ పత్రికలో, తన పేరు పెట్టకుండా, రెండు డజన్ల మంది సహచరులతో కలిసి ఒక వ్యాసం ప్రచురించాడు. బ్యాంకు కౌంటరులో జమ, ఖర్చు రాసుకునే చిన్న లావాదేవీని ప్రమాణంగా తీసుకున్నాడు. వందలో 95 లావాదేవీలు ఒక్క సెకనులోపు పూర్తి కావాలి, ఆ షరతు నిలబెట్టుకుంటూ సెకనుకు ఎన్ని చేయగలదో చెప్పాలి, అయిదేళ్ల మొత్తం ఖర్చును దాంతో భాగించాలి. అందులో ‘మొత్తం’ అన్న మాటే కంపెనీలకు కొరుకుడు పడలేదు. యంత్రం ధర ఒక్కటే కాదు, సాఫ్ట్‌వేరూ, మరమ్మతూ కలిపి మొత్తం.

1988లో కంపెనీలే కూడి టీపీసీ అనే మండలి పెట్టుకున్నాయి. 1992లో అది టీపీసీ-సీ అనే పరీక్ష తెచ్చింది. అందులో ఒక టోకు వ్యాపారి గోదాములు ఉంటాయి. ఒక్కో గోదాముకు పది జిల్లాలు, జిల్లాకు మూడు వేల మంది ఖాతాదారులు, లక్ష రకాల సరుకులు. కొత్త ఆర్డరు, చెల్లింపు, ఆర్డరు ఎక్కడుందని ఆరా, బట్వాడా, నిల్వ చూడటం, ఇవీ పనులు. చిన్న డేటాబేసుతో పెద్ద వేగం చూపించి మోసం చేయకుండా ఒక అడ్డుకట్ట ఉంది: ఒక్కో గోదాము నుంచి నిమిషానికి సుమారు 12.86 ఆర్డర్లకు మించి లెక్కకు రావు. వేగం పెంచాలంటే గోదాములు పెంచాలి, అంటే డేటా పెంచాలి. ఆ ఏడాది వచ్చిన మొట్టమొదటి ఫలితం నిమిషానికి 54 ఆర్డర్లు, ఒక్కో యూనిట్‌కు, అంటే నిమిషానికి ఒక ఆర్డరు చేయగల శక్తికి, ధర 1,88,562 డాలర్లు. 2010లో ఒరాకిల్ తన స్పార్క్ సర్వర్ల మంద మీద నిమిషానికి మూడు కోట్ల పైన ఆర్డర్లు చూపించింది, యూనిట్ ధర 1.01 డాలర్. పద్దెనిమిదేళ్లలో లక్షల డాలర్ల నుంచి ఒక్క డాలర్‌కు! 2020లో చైనా వాళ్ల ఓషన్‌బేస్ 70 కోట్లు దాటింది, యూనిట్‌కు నాలుగు యువాన్ల లోపే. ఆ మరుసటి ఏడాది దాని సోర్సు కోడ్ కూడా బయటపెట్టారు.

ఒక యూనిట్ పనికి ధర ఇంతగా కూలిపోయాక కూడా కార్యాలయాల బిల్లులు కూలిపోలేదు. కారణం వెతకడానికి చాలా దూరం పోనక్కర్లేదు, లైసెన్సు కాగితం చాలు. ఒరాకిల్ ఎంటర్‌ప్రైజ్ డేటాబేసు చాలాకాలంగా ప్రకటిస్తున్న ధర ఒక్కో ప్రాసెసర్ లైసెన్సుకు 47,500 డాలర్లు. మామూలు ఇంటెల్ రకం చిప్పుల్లో రెండు కోర్లను ఒక ప్రాసెసర్‌గా లెక్కిస్తారు. 16 కోర్ల సర్వర్‌కు ఎనిమిది లైసెన్సులు, 3,80,000 డాలర్లు. ఏటా సపోర్టుకు అందులో 22 శాతం, అంటే 83,600. మూడేళ్లకు మొత్తం 6,30,800 డాలర్లు, డాలరు 85 రూపాయల లెక్కన 5 కోట్ల 36 లక్షలు. అది నడిచే పెట్టె ఉజ్జాయింపుగా పది పదిహేను లక్షలు చేస్తుంది. ఈ ప్రకటిత ధర చెల్లించేవాళ్లు తక్కువే, పెద్ద కొనుగోలుదార్లు బేరమాడి బాగా తగ్గిస్తారు. సగానికి తగ్గించినా పెట్టె ధర ఆ పక్కన పోలికకు రాదు. పైగా మొదటి సర్వర్ పడిపోతే అందుకోవడానికి నిరంతరం నకలు రాసుకుంటూ ఉండే రెండో సర్వర్‌కూ లైసెన్సు కట్టాలి. పోస్ట్‌గ్రెస్‌కైతే ఆ రెండోదానికి పెట్టె ఖరీదే ఖర్చు. జాగ్రత్త కోసం మూడోది కూడా పెట్టుకోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు.

ఇప్పుడు రసీదు లెక్క వేద్దాం. 30 లక్షల ఇళ్లు, ఏడాదికి రెండు వాయిదాలు, మూడేళ్లు: కోటీ 80 లక్షల రసీదులు. ప్రకటిత ధరకు లైసెన్సు కొంటే రసీదుకు దాదాపు మూడు రూపాయలు. రెండు సర్వర్లకు, విడి సామాన్లకు 30 లక్షలనుకుంటే రసీదుకు 17 పైసలు. ఏడాదికి పది లక్షల జీతంతో నలుగురు ఇంజనీర్లను పెట్టుకుంటే మూడేళ్లకు కోటీ 20 లక్షలు, రసీదుకు 67 పైసలు. కరెంటు రెండు పైసలు కూడా దాటదు, ఆ లెక్క తర్వాత చెప్తాను. లైసెన్సు తీసేయగానే వరుస తారుమారై పోయింది చూడండి: పెద్ద ఖర్చు మనుషులది. యంత్రం ధరలో పది శాతం ఆదా చేయడానికి టెండర్ల మీద టెండర్లు పిలిచే కార్యాలయం రసీదుకు పైసన్నర మిగుల్చుకుంటుంది. పని తెలిసిన ఒక్క ఇంజనీరు అప్పుడే వెళ్లిపోతే పోయేది దానికి పదింతలు. చెప్పొద్దూ, వెయ్యి రూపాయల పన్నును క్రెడిట్ కార్డు మీద కడితే, చెల్లింపు సంస్థ ఒక్క శాతం తీసుకున్నా పది రూపాయలు. ఈ అధ్యాయంలో మనం కూడబెట్టిన ఖర్చులన్నీ కలిపినా అంత కావు. 2020 జనవరి నుంచి యూపీఐ చెల్లింపులకు వ్యాపారి దగ్గర రుసుము లేకుండా చేసిన నిర్ణయం, ఏ డేటాబేసు ఎంపికకన్నా ఎక్కువ డబ్బు మిగిల్చి ఉంటుంది.

‘ఉచితంగా వచ్చింది ఆ ఖరీదైనదానంత పని చేస్తుందా?’ అన్న సందేహం చాలాకాలం తీరలేదు. తీరకుండా చూసిన ఏర్పాటు ఒకటి ఉంది. 1980ల తొలినాళ్లలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ డెవిట్ డేటాబేసుల వేగాలు కొలిచి, పేర్లతో సహా ప్రచురించాడు. ఒరాకిల్‌కు ఆ ఫలితాలు మింగుడుపడలేదు. తర్వాత కాలంలో వాణిజ్య డేటాబేసుల ఒప్పందాల్లో, మా అనుమతి లేకుండా మా వేగం కొలిచి ప్రచురించరాదన్న షరతు వచ్చి చేరింది. దాన్ని ఇప్పటికీ డెవిట్ క్లాజు అనే పిలుస్తారు. డబ్బిచ్చి కొన్నవాడు తాను కొన్నది ఎంత వేగంగా నడుస్తుందో నలుగురికీ చెప్పుకోకూడదు! పోస్ట్‌గ్రెస్, మరియాడీబీ లాంటివాటికి అలాంటి సంకెళ్లు లేవు, ఎవరైనా కొలవచ్చు, ఎవరైనా తిట్టవచ్చు. ఆ తిట్లే వాటిని బాగుచేశాయి. 2007లో సన్ కంపెనీ తన టీ2000 సర్వర్ల మీద పోస్ట్‌గ్రెస్‌తో కంప్యూటర్ల వేగానికి పరీక్షలు తయారుచేసే ఎస్‌పీఈసీ సంస్థ వారి జావా అప్లికేషన్ సర్వర్ పరీక్ష నడిపి సెకనుకు 778 పనుల ఫలితం ప్రచురించింది. హెచ్‌పీ ఇటానియం యంత్రాల మీద ఒరాకిల్‌తో అప్పటికి ఉన్న ఫలితం 874. పన్నెండు శాతం లోపు తేడా. డేటాబేసు లైసెన్సుకు ఒకవైపు సున్నా, రెండోవైపు పెద్ద అంకె.

వేగాన్ని నిర్ణయించే మరో కీలకం డిస్కు. రసీదు ఇచ్చామంటే ఆ లెక్క కరెంటు పోయినా చెరిగిపోని చోట రాసేసి ఉండాలి. పాతరకం తిరుగుడు డిస్కు నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతుంది, సెకనుకు 120. ప్రతి రసీదుకూ విడిగా డిస్కు మీద ముద్ర పడేదాకా ఆగితే, చుట్టుకు ఒకటి చొప్పున సెకనుకు 120కి మించి కావు. మన 50 చెల్లింపుల్లో ఒక్కోదానికి మూడు సార్లు ముద్ర వేయాలంటే 150, డిస్కు అక్కడే చేతులెత్తేస్తుంది. కరెంటు పోయినా చేతిలో ఉన్నది రాసి ముగించేందుకు కెపాసిటర్లున్న ఎస్‌ఎస్‌డీలు అదే పని సెకనుకు వేల సార్లు చేస్తాయి. రాష్ట్రానికి సరిపోయే డేటాబేసు ఒక్క పెట్టెలో ఇమిడిందంటే ఆ పుణ్యం ప్రాసెసర్‌ది కొంతే, ఎక్కువ ఈ డిస్కుది. డిస్కు మీద పడేదాకా ఆగకుండా ‘అయిపోయింది’ అని చెప్పేలా పోస్ట్‌గ్రెస్‌ను అమర్చవచ్చు. అప్పుడు పరీక్షలో అంకె అమాంతం లేస్తుంది. అమ్మేవాళ్లు చూపించే కొన్ని గ్రాఫుల రహస్యం ఇదే. ఈదురుగాలికి లైను తెగే పల్నాడు వేసవిలో ఆ అమరికతో పన్నులు వసూలు చేస్తే, కట్టినవాడి చేతిలో రసీదు ఉంటుంది, కార్యాలయం లెక్కలో డబ్బు ఉండదు. టీపీసీ తన పరీక్షల్లో కరెంటు పోయినప్పటి సంగతి కూడా రుజువు చేయమనేది అందుకే.

సగటు మీద కొని, చివరి రోజు వల్ల ఇరుక్కోవడం ఇంకో మామూలు పొరపాటు. ఒక్కో పనికి 20 మిల్లీసెకన్లు పట్టే సర్వర్ సగం పనితో ఉంటే, వరుసలో ఆగే సమయం కలిపి 40 మిల్లీసెకన్లవుతుంది. 90 శాతం పనితో 200. 95 శాతంతో 400. 99 శాతానికి చేరితే రెండు సెకన్లు. 90 నుంచి 99కి భారం పెరిగింది తొమ్మిది శాతమే, నిరీక్షణ మాత్రం పదింతలు. ఇది వరుసల గణితం, ఏ సాఫ్ట్‌వేరూ తప్పించుకోలేదు. కాబట్టి ఏడాదంతా సగం ఖాళీగా ఉండే సర్వర్ దండగ కాదు, ఆ ఖాళీకే మనం డబ్బిచ్చింది. కోరుకు ఇంతని లైసెన్సు కట్టేచోట ఆ ఖాళీ చాలా ఖరీదు. అందుకే అలాంటి కార్యాలయాలు చిన్న యంత్రాన్ని కొని అంచున నడుపుతాయి.

ఈ తర్కాన్ని చివరిదాకా తీసుకెళ్లింది గూగుల్. 2003లో బరోసో, డీన్, హోల్జ్‌లె రాసిన వ్యాసంలో ఒక పోలిక ఉంది. 88 చవక యంత్రాల బీరువా, 176 ప్రాసెసర్లు, 2,78,000 డాలర్లు. ఎనిమిది ప్రాసెసర్ల పెద్ద సర్వర్ ఒక్కటి, 7,58,000 డాలర్లు. మూడింతల ధరకు ఇరవై రెండో వంతు ప్రాసెసర్లు. రోజూ కొన్ని చెడిపోతాయి, పోనివ్వండి, సాఫ్ట్‌వేర్ సర్దుకుంటుందన్నది వాళ్ల లెక్క. ఆ 88 యంత్రాలకూ యంత్రానికి ఇంతని ఆపరేటింగ్ సిస్టమ్ లైసెన్సు కట్టాల్సి వస్తే ఈ లెక్క నిలిచేది కాదు. లినక్స్ ఊరికే రావడం వల్లే చవక యంత్రాలు నిజంగా చవకయ్యాయి. అదే సదుపాయం ఈమధ్య ఇంకో రూపంలో వచ్చింది. అమెజాన్ తన క్లౌడ్‌లో గ్రావిటాన్ అనే ఆర్మ్ చిప్పులు పెట్టింది. రెండో తరం చిప్పుల్లో అదే ధరకు 40 శాతం దాకా ఎక్కువ పని జరుగుతుందని 2019లో ప్రకటించింది. అమ్మేవాడి మాట కాబట్టి కొంత తగ్గించి వినాలి. కానీ సోర్సు కోడ్ చేతిలో ఉన్నవాడికి చిప్పు మార్చడమంటే మళ్లీ కంపైల్ చేయడమే, చేసి తానే కొలుచుకోవచ్చు.

కరెంటు లెక్క బాకీ ఉంది. 400 వాట్లు తాగే సర్వర్ ఏడాదికి 3,504 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలైతే 28 వేలు. చల్లదనానికి, యూపీఎస్‌కు మరో ఎనభై శాతం వేస్తే 50 వేలు. రెండు సర్వర్లకు మూడేళ్లకు మూడు లక్షలు, రసీదుకు పైసన్నర పైన. ఇది చల్లని డేటా సెంటర్ లెక్క. సర్వర్ లోపలికి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలన్నది ఆష్‌రే అనే ఇంజనీర్ల సంఘం సిఫార్సు. మామూలు సర్వర్లు 35 దాకా ఓర్చుకుంటాయి. రాష్ట్రంలో ఎండలకు పేరుపడ్డ రెంటచింతల దాచేపల్లికి పొరుగునే. మే నెలలో ఇక్కడ బయటి గాలి ఆ 35ను పొద్దున్నే దాటేస్తుంది. చలిదేశాల్లో కిటికీ తెరిచి సర్వర్లు చల్లబరిచే పద్ధతి మనకు చెల్లదు. పిడుగురాళ్ల దారిలో సున్నపు బట్టీల ధూళి సరేసరి. పత్తి జిన్నింగ్ మిల్లు వాళ్లు ముంబయిలో పుట్టిన ఈఆర్‌పీనెక్స్ట్ లాంటి ఓపెన్ సోర్స్ ఈఆర్‌పీని మిల్లు ఆఫీసులోనే ఒక డబ్బాలో నడుపుకుందామనుకుంటే సాఫ్ట్‌వేర్‌కు సున్నా, మెమొరీ నాలుగు గిగాబైట్లయినా మొదలవుతుంది. దూదిపింజలు చేరిన ఫ్యానే ముందు చస్తుంది. అలాంటివాళ్లకు నెలకు కొన్ని వందల రూపాయల అద్దె క్లౌడ్ సర్వర్ మేలు. 2022 నవంబరు నుంచి అమెజాన్‌కు హైదరాబాదులోనే కేంద్రం ఉంది, దూరం కూడా సాకు కాదు.

ఉచితం శాశ్వతమనుకున్నవాళ్లకూ ఎదురుదెబ్బలు తగిలాయి. రెడ్ హ్యాట్ లినక్స్‌కు నకలుగా ఎన్నో కార్యాలయాలు ఊరికే వాడుకున్న సెంట్‌ఓఎస్ 8ను 2021 చివరికే ముగిస్తున్నామని 2020 డిసెంబరులో ప్రకటించారు. మన పురపాలక ఈఆర్‌పీ కింద ఉన్నవాటిలోనే ఎలాస్టిక్‌సెర్చ్ 2021లో లైసెన్సు మార్చింది, రెడిస్ 2024లో మార్చింది. రెండుచోట్లా పెద్ద క్లౌడ్ కంపెనీలు మా కష్టాన్ని అమ్ముకుంటున్నాయన్నదే ఫిర్యాదు. ప్రతిసారీ పాత కోడ్ నుంచి కొత్త కొమ్మ మొలిచింది: సెంట్‌ఓఎస్ స్థానంలో ఆల్మా, రాకీ; ఎలాస్టిక్‌సెర్చ్ నుంచి ఓపెన్‌సెర్చ్; రెడిస్ నుంచి వాల్కీ. ధర పెంచే హక్కు కంపెనీకి ఉంది, పాత కోడ్ పట్టుకుని వెళ్లిపోయే హక్కు వాడేవాడికి ఉంది. అయితే వెళ్లిపోవడానికీ ఖర్చుంది. వేల సర్వర్లు మార్చి, పరీక్షించి, రాత్రులు కూర్చునేవాళ్ల జీతాలవి. మనం రసీదుకు 67 పైసలని రాసుకున్న పద్దులోకే అవీ వెళ్తాయి. టెండరు పత్రాల్లో ఆ పద్దుకు చాలాసార్లు గడే ఉండదు. సర్వర్‌కు ఎన్ని కోర్లు, ఎంత మెమొరీ అని పేజీలకు పేజీలు రాస్తారు. బ్యాకప్ నుంచి మొత్తం డేటాబేసును తిరిగి లేపి చూపించే పరీక్ష ఏడాదికి ఎన్నిసార్లు, ఎవరు చేయాలి అన్న ఒక్క వాక్యం ఉండదు.